కండెలు చుట్టినవాళ్లది ఏ లెక్క?

అమెరికాలో ఒక నేతవాళ్ల సమావేశానికి రిజిస్ట్రేషన్ ఫారంలో నా వివరాలు నింపడానికే పావుగంట పట్టింది. ఎన్నేళ్లుగా నేస్తున్నారు, ఏ మగ్గం, ఎన్ని షాఫ్టులు (దారాల్ని పైకి లేపే చట్రాలు), ఎలాంటి నూలు వాడతారు, ఏ క్లాసు మొదటి ఛాయిస్, ఏది రెండోది. అన్నీ అయ్యాక అడుగున ఇంకో గడి. మీతో ఎవరైనా వస్తున్నారా? అవునని నొక్కితే "గెస్ట్" అని ఒక వరస తెరుచుకుంది. అందులో రెండే ప్రశ్నలు. పేరేమిటి, తిననివి ఏమైనా ఉన్నాయా.

నేను నేయడం మొదలుపెట్టి ఐదేళ్లు. మా ఆయన పుట్టిందే మగ్గం ఉన్న ఇంట్లో, పుట్టపాకకి పక్క ఊళ్లో. నడక రాని రోజుల్లో ఆయన్ని మగ్గం గుంట పక్కన చాప మీద పడేసి వాళ్ల నాయిన నేసుకునేవాడట. ఫారం ప్రకారం మాత్రం నేను వీవర్‌ని, ఆయన బీఫ్ తినని మనిషి.

నవ్వుకుంటూనే సబ్మిట్ కొట్టాను. ఆయనకి చెప్తే ఆయనా నవ్వాడు. కానీ మూడు రోజుల సమావేశం అయిపోయి ఇంటికొచ్చాక కూడా ఆ రెండు ప్రశ్నల గడి నన్ను వదల్లేదు.

ముందే చెప్తున్నా, సమావేశం పెట్టినవాళ్ల మీద నాకు ఫిర్యాదేమీ లేదు. 1972లో డెట్రాయిట్‌లో మొదలైన కాన్వర్జెన్స్ అనే నేతవాళ్ల సమావేశం లాంటి పెద్ద తిరునాళ్ల కాదిది. కెంటకీలో బెరియా అనే చిన్న ఊళ్లో నూట పాతికమంది కలుసుకునే చోటు. అంతా వాలంటీర్లే. ఎవరి సొంత డబ్బులతో వాళ్లు కాఫీ ఫ్లాస్కులు మోసుకొచ్చారు. నా గొడవ వాళ్లతో కాదు, నేత అనగానే మనందరి కళ్లముందూ ఒక్క మనిషే కనబడటంతో.

ఇంట్లోంచి పోయింది, అమెరికా దాకా వచ్చింది

నా నేత లాక్‌డౌన్ పుణ్యం. 2020లో అందరూ పుల్లటి రొట్టెలు కాల్చుకుంటుంటే నేను ఒళ్లో పట్టేంత చిన్న మగ్గం ఒకటి కొనుక్కున్నాను. రెండేళ్లకి సెకండ్ హ్యాండ్‌లో నాలుగు షాఫ్టుల మగ్గం దొరికింది. దాన్ని అద్దె ట్రక్కులో తెచ్చి గరాజ్‌లో దించాం. మా ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, బల్ల మీద చెయ్యి వేసి, "ఇంట్ల నుంచి పోయిందనుకున్న, అమెరికా దాకా వచ్చింది" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

అప్పట్లో నాకు ఒక గర్వం ఉండేది. మాది గుంటూరు, మా ఇంట్లో ఎవరికీ మగ్గం తెలియదు. అత్తగారింటి విద్య ఆగిపోయిందే, కోడలినై నేను నిలబెడుతున్నాను కదా అని. ఫ్రెండ్స్ దగ్గర కూడా అలాగే చెప్పేదాన్ని. ఆయన ఉన్నప్పుడు చెప్తే ఆయన లేచి మంచినీళ్లకి వెళ్లేవాడు. మూడుసార్లు అలా వెళ్లాక గానీ నాకు వెలగలేదు.

ఏడాదిపాటు మగ్గం వైపు రాలేదు. వచ్చింది పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాలు, చుట్టే రోజున.

నేసేవాళ్లకి తెలుసు, పడుగుని బీముకి, అంటే మగ్గం వెనక దూలానికి, చుట్టడం ఒక్కరివల్ల సులువుగా అయ్యే పని కాదు. ఒకరు చక్రం తిప్పాలి, ఒకరు ఎదురుగా నిలబడి దారాలన్నీ ఒకే బిగువులో పట్టుకోవాలి. ఒంటరివాళ్ల కోసం వీడియోలున్నాయి. నీళ్ల సీసాలు వేలాడదీయమంటారు. నేనూ రెండు లీటర్ల సీసాలు నాలుగు కట్టి తిప్పుతున్నాను. ప్రతి రెండు చుట్లకీ ఒక సీసా నేలకి తగులుతోంది, లేచి వెళ్లి మళ్లీ ముడి వేస్తున్నాను. ఆయన చెత్తబుట్ట బయట పెట్టడానికి గరాజ్‌లోకి వచ్చాడు. చూశాడు. బుట్ట పక్కన పెట్టాడు.

"ఇడువు. నువ్వు తిప్పు, నేను పడత."

సీసాలు ఊడదీసి పడుగుని రెండు పాయలుగా చేసి రెండు చేతులకీ ఒక్కో మెలిక తిప్పుకున్నాడు, ఎడ్ల పగ్గాలు పట్టినట్టు. ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి. ఒళ్లంతా వెనక్కి వాల్చాడు. నేను తిప్పుతుంటే ఒక్కో అడుగే ముందుకొచ్చాడు, మధ్యమధ్య దారాల మీద అరచేత్తో తట్టాడు. ఆ తట్టుడుకి చిక్కుపడ్డ పోగులు వాటంతటవే విడిపోయాయి. ఐదు గజాల పడుగు ఇరవై నిమిషాల్లో ఎక్కింది. చెయ్యి దులుపుకుని, చెత్తబుట్ట తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ పడుగు మీద నేసిన స్కార్ఫే బెరియాలో ప్రదర్శనకి పెట్టాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

బెంచీ మీద మొగుళ్లు

అట్లాంటా నుంచి బెరియాకి ఐదున్నర గంటలు. ఐ-75 ఎక్కితే చాట్టనూగా, నాక్స్‌విల్, జెల్లికో దగ్గర కొండలు, ఆ తర్వాత కెంటకీ. అక్టోబరు కాబట్టి ఆకులు రంగు తిరిగి ఉన్నాయి. "డ్రైవ్ నేను జేస్త. క్లాసులకు మాత్రం రాను" అన్నది ఆయన షరతు. గెస్టుల కోసం లెక్సింగ్టన్‌లో గుర్రాల ఫారానికి టూరు పెట్టారు. "గుర్రాలను నేనేం జూస్త" అని దానికీ పోలేదు.

మొదటిరోజు పొద్దున నేను క్లాసులోకి పోయాను. పది గంటలకి బ్రేక్‌లో బయటికొస్తే వరండాలో పొడుగు బెంచీ మీద నలుగురు మగవాళ్లు. ముగ్గురి ఒళ్లో భార్యల సంచులు. నాలుగో ఆయన ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, ఒహాయో నుంచి వచ్చాడు. ఆయన చేతిలో కార్డ్‌లెస్ డ్రిల్లు. దాని ముక్కుకి కండె, అంటే అడ్డదారం చుట్టే చిన్న గొట్టం, తగిలించి, పక్కన నేల మీద పెట్టిన నూలు బొంగరం నుంచి దారం లాగుతూ, బటన్ మెల్లగా నొక్కుతూ కండె చుట్టుతున్నాడు. చుట్టినవి చెప్పుల డబ్బాలో వరసగా పేరుస్తున్నాడు. మా ఆయన ఆయన పక్కనే కూర్చుని, ఫోన్ జేబులో పెట్టేసి, ఆ డ్రిల్లు వైపే చూస్తున్నాడు.

మధ్యాహ్నం లంచ్‌లో కథంతా తెలిసింది. ఆ పెద్దాయన రిటైరై పదిహేనేళ్లు. భార్య నేస్తుంది. ఆవిడ పెళ్లయ్యాక ఒక్క కండె కూడా తన చేత్తో చుట్టుకోలేదట. కండెలు ఈయన పని. పడుగు పట్టేది ఈయన, మగ్గం పాడైతే బాగుచేసేది ఈయన, సమావేశాలకి మగ్గం విప్పి వ్యానులో ఎక్కించేది ఈయన. మెడలో వేలాడే బ్యాడ్జీ మీద "గెస్ట్".

మా ఆయన ఒక కండె తీసి బొటనవేలితో నొక్కి చూశాడట. ఏదో ఒక తప్పు దొరుకుతుందనే ఆశతో అని ఆయనే ఒప్పుకున్నాడు. దొరకలేదు. "నాకంటె మంచిగ చుట్టిండు. మొదలు లావుగ, కొసకు సన్నగ, ఏడ జారదు." చిన్నప్పుడు ఈయన చుట్టిన కండెలు నాడెలో (అడ్డదారాన్ని అటూ ఇటూ మోసేది) ఉండగానే ఉండలు జారి వాళ్ల నాయిన చేత తిట్లు తిన్న రకంవి.

సాయంత్రం ఇద్దరూ కలిసి సామాన్లు అమ్మే హాల్లో తిరిగారు. కండెలు చుట్టే చేతి మర ఒకటి నూట ఎనభై డాలర్లు. "మా అమ్మ రాట్నం పాత సైకిల్ చక్రంతోని జేసింది" అని మా ఆయన చెప్తే ఆ పెద్దాయన ఫోటో ఉందా అని అడిగాడు. లేదు. మగ్గం ముందు నాయిన ఫోటో ఉంది, ఎవరో పత్రికవాళ్లు తీసింది. రాట్నం దగ్గర అమ్మ ఫోటో ఒక్కటీ లేదు.

రాత్రి మోటెల్లో లైటు ఆర్పాక ఆయన అన్నాడు. "ఆ పెద్దాయన మా అమ్మ పని జేస్తుండు."

నేతన్న ఒక్కడేనా

ఆ మాట దగ్గర్నుంచి నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. మగ్గం మీద కూర్చున్న మనిషిని నేతగాడని, మిగతావాళ్లని సాయం చేసేవాళ్లని విడదీయడమే తప్పు. బట్ట ఆ రెండు రకాల చేతులూ కలిస్తేనే పుడుతుంది. ఒకరి పేరు చీర మీదికి ఎక్కి, ఇంకొకరి పని ఇంటిపని కింద కలిసిపోతోంది.

మన భాషే చూడండి. నేతన్న అంటాం. పత్రికల్లో, పథకాల్లో, పాటల్లో అదే మాట. నేతక్క అన్నామా ఎప్పుడైనా? ఆంధ్రలో 2019లో తెచ్చిన పథకం నేతన్న నేస్తం, సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏటా 24,000 రూపాయలు ఇచ్చేవారు. తెలంగాణలో 2017లో తెచ్చిన పొదుపు పథకం నేతన్నకు చేయూత. న్యాయంగా చెప్పాలంటే ఈ రెండోదాంట్లో అనుబంధ పనులు చేసేవాళ్లని కూడా కలిపారు. కార్మికుడు కూలిలో ఎనిమిది శాతం దాచుకుంటే ప్రభుత్వం పదహారు కలిపేలా. నా వాదానికి అడ్డొచ్చేదే అయినా మంచి పని. పేరులో మాత్రం అన్నే మిగిలాడు.

2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35.22 లక్షల మంది చేనేత పనివాళ్లని లెక్కేశారు. అందులో నేసేవాళ్లు 26.73 లక్షలు, అనుబంధ పనివాళ్లు 8.48 లక్షలు. నేసే ముగ్గురికి పక్కపని చేసేది ఒక్కరు చొప్పున. మా అత్తగారి ఊరు తెలిసినవాళ్లెవరికైనా ఈ నిష్పత్తి చూస్తే నవ్వొస్తుంది. అక్కడ ఒక మగ్గం నడవాలంటే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పొద్దస్తమానం నడుం వంచాలి.

నిజమే, దేశం లెక్కతో మా ఊరి లెక్క కొలవకూడదు. అస్సాంలో, ఈశాన్యంలో మగ్గం ఆడవాళ్లదే. అదే గణనలో మొత్తం పనివాళ్లలో ఆడవాళ్లు 72 శాతం కావడానికి పెద్ద కారణం ఆ వైపే. మా అత్తగారి వైపు చిటికి కట్టి (నూలుకి అక్కడక్కడా ముడులు బిగించి), రంగులద్ది నేసే ఇక్కత్. పక్కపనులు నేత కంటే ఎక్కువ. ఆ పక్కపనులు ఎక్కువగా ఆడవాళ్లవి.

ఆసు సంగతే తీసుకోండి. చిటికి కట్టడానికి ముందు పేక నూలుని, అంటే అడ్డదారాన్ని, ఆసు పోయాలి. ఒక మేకు నుంచి అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల దాకా, మళ్లీ వెనక్కి, దారం పట్టుకున్న చెయ్యి అలా తిరుగుతూనే ఉంటుంది. ఒక్క చీరకి సుమారు 9,000 సార్లు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం అని. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. రావలసిన మనిషికే వచ్చింది. కానీ నాకు ఒకటి అనిపిస్తుంది. ఆ తొమ్మిదివేల అంకె యంత్రం గురించి రాసేటప్పుడే పేపర్లలోకి ఎక్కింది. అంతకుముందు ఎన్నో ఏళ్లు ఆ చేతులు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరూ లెక్కపెట్టలేదు.

మా అత్తమ్మ కూడా ఆసు పోసినావిడే. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. జడ ఎవరో ఒకరు వేయాలి. నేను ఇండియా వెళ్లినప్పుడు నేను వేస్తాను.

బాగా గుచ్చుకున్న విషయం మా ఆయన దారిలో చెప్పాడు. ఇంట్లో మగ్గానికి పోసిన ఆసుకి అత్తమ్మకి విడిగా డబ్బులేమీ లేవు. పడుగు దిగాక షావుకారు మామయ్య చేతికి మజూరీ ఇస్తాడు, అందులోనే అన్నీ. ఇంటి ఆసు అయ్యాక రాత్రిపూట బయటివాళ్లకి ఆసు పోసేది. దానికి చీరకి ఇంత అని చేతికి వచ్చేది. అదే మేకులు, అదే దారం, అదే భుజం. పక్కింటి చీరకైతే పని, సొంత చీరకైతే సంసారం.

ఎదురుమాటలు

ఇంత రాశాక నా మీద నాకే అనుమానాలు. దాచకుండా చెప్తాను.

మొదటిది, ఒహాయో పెద్దాయన్ని అత్తమ్మ పక్కన నిలబెట్టడం. ఆయనకి పెన్షన్ ఉంది, చేతిలో డ్రిల్లు ఉంది, పక్కన కాఫీ ఉంది. విసుగొస్తే మానేస్తాడు, భార్య సణుగుతుంది, అంతే. అత్తమ్మ మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. పని ఒకటే కావచ్చు, రెంటికీ హస్తిమశకాంతరం. ఆయన పేరు కార్డు మీద లేకపోతే వచ్చే నష్టం ఏమీ లేదు. ఇష్టంతో చేసేదాన్నీ గతిలేక చేసేదాన్నీ ఒకే తక్కెడలో వేసి కన్నీళ్లు కార్చడం మాలాంటి హాబీ నేతవాళ్లకి బాగా అలవాటు. నేనూ అందుకు మినహాయింపు కాదు.

అయినా ఆ బెంచీ మీద దృశ్యం నాకొక పని చేసిపెట్టింది. పక్కపని ఆడవాళ్ల పని కాబట్టి పేరు రాలేదని అన్నాళ్లూ అనుకున్నాను. ఇక్కడ చేసింది మగవాడు, అయినా బ్యాడ్జీ మీద గెస్టే. అంటే ఆడామగా ఒక్కటే కారణం కాదన్నమాట. మగ్గం చప్పుడు చేస్తుంది, కండె చెయ్యదు. చూడ్డానికి వచ్చినవాళ్లు చప్పుడు దగ్గరికే పోతారు. (మన ఊళ్లో ఆ చప్పుడు లేని పనంతా ఆడవాళ్ల చేతికే ఎందుకొచ్చిందంటే, అది ఇంకో పోస్టు.)

రెండో అనుమానం మా ఆయన లేవనెత్తిందే. రెండో రోజు లంచ్‌లో ఎవరో ఈయన ఇంటి సంగతి విని, రాత్రి కార్యక్రమంలో పది నిమిషాలు మాట్లాడతారా అని అడిగారు. వద్దన్నాడు. నేను బలవంతపెట్టాను. గదికొచ్చాక పోట్లాట.

"ఏం జెప్పాలె? ఎట్ల తప్పించుకున్ననో జెప్పాల్నా?"

"అత్తమ్మ గురించి చెప్పండి. ఆవిడ పేరు నలుగురికీ తెలుస్తుంది కదా."

"అమ్మకు పేరెందుకు? కూలి ఇయ్యమను."

నా దగ్గర దానికి వెంటనే సమాధానం లేదు. ఇప్పటికీ సగమే ఉంది. చీరల ట్యాగుల మీద ఇప్పుడు నేసినవాళ్ల ఫోటో, పేరు, ఎన్ని రోజులు పట్టిందో వేస్తున్నారు. వేసినంత మాత్రాన మజూరీ పెరిగిందా? ఇంకో నాలుగు పేర్లు చేరిస్తే షావుకారు ఇంకో నాలుగు వాటాలు ఇస్తాడా? ఇవ్వడు. ఉన్న మజూరీనే చిన్న ముక్కలు చేస్తాడు. ఈ భయం ఉత్తదేం కాదు.

నా సగం సమాధానం ఇదీ. పేరు వచ్చినంత మాత్రాన కూలి రాదు, ఒప్పుకుంటాను. కానీ లెక్కలో లేని పనికి కూలి అడగడం ఎలా? మజూరీ కట్టేటప్పుడు నేతకి ఎన్ని రోజులు పట్టిందో చూస్తారు. ఆసుకి, కండెలకి, పడుగు సరిచేయడానికి, అతుకులకి ఎన్ని రోజులు పట్టిందో రాసుకునే ఇల్లు నాకు కనబడలేదు. రాసుకుంటే అసలు ధర ఎంతో ఇంట్లోవాళ్లకైనా తెలుస్తుంది. తెలిసి తక్కువకి అమ్మడం వేరు, తెలియక అమ్మడం వేరు. ఆయన ఈ మాట ఒప్పుకోలేదు. "తెల్వక కాదు, గతిలేక" అన్నాడు. అక్కడితో ఆ రాత్రి పోట్లాట ఆగింది గానీ తెగలేదు.

దుప్పట్లు కట్టిన ఫీజు

మూడోరోజు క్లాసు మానేసి ఇద్దరం ఊరు చూశాం. మొక్కజొన్న పిండితో చేసే స్పూన్‌బ్రెడ్ తిన్నాం. ఉప్మాకీ కేకుకీ పుట్టిన బిడ్డలా ఉంది, బాగుంది. తర్వాత బెరియా కాలేజీ వాళ్ల నేత శాలకి పోయాం.

ఈ కాలేజీలో పిల్లల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోరు, ప్రతి ఒక్కరూ ఏదో ఒక పని చేయాలి. కొందరు నేస్తారు. ఆ అలవాటు వెనక కథ ఉంది. 1890ల్లో ఫ్రాస్ట్ అనే కాలేజీ ప్రెసిడెంట్ చుట్టుపక్కల కొండల్లో తిరిగినప్పుడు ఇళ్లలో ఆడవాళ్లు నేసిన ఉన్ని దుప్పట్లు చూశాడు. ఊళ్లలో డబ్బు లేదు, దుప్పట్లున్నాయి. పిల్లల చదువు ఖర్చు కింద ఆ దుప్పట్లే తీసుకోవడం మొదలుపెట్టారు. వాటిని బయట అమ్మేవారు.

మా ఆయన అక్కడ కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా పాలిటెక్నిక్ ఫీజు గంతే. బయటి ఆసు పైసలు" అన్నాడు. నేత మానేయడానికి నేతే ఫీజు కట్టింది. కొడుకు మగ్గం గుంటలో దిగకూడదని అత్తమ్మ రాత్రిళ్లు ఆసు పోసింది. ఆ కొడుకు గరాజ్‌లోకి ఆయన భార్య మగ్గం తెచ్చిపెట్టి, మీ విద్యని నిలబెడుతున్నానని నలుగురికీ చెప్పుకుంది. ఆయన మంచినీళ్లకి ఎందుకు లేచేవాడో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. వారసత్వం అనే మాట నేను వాడటం మానేశాను.

అదే ఊళ్లో చర్చిల్ వీవర్స్ అని ఒక కంపెనీ ఉండేది, 1922 నుంచి 2007 దాకా. పెట్టింది భార్యాభర్తలు, కారల్, ఎలియనోర్. ఆయన ఎమ్ఐటీలో చదివిన ఇంజినీరు. అంతకుముందు మిషనరీగా మన అహ్మద్‌నగర్‌లో ఉండి అక్కడి నేతగాళ్ల కోసం చేతిమగ్గాన్ని మెరుగుపరిచే పని చేశాడు. బెరియాలో మగ్గాలు ఆయన కట్టాడు, డిజైన్లు, వ్యాపారం ఆవిడ చూసుకుంది. "అహ్మద్‌నగర్‌ల నేర్సుకోని ఈడ కంపెనీ పెట్టిండా!" అని మా ఆయన పగలబడి నవ్వాడు. నాకు మాత్రం వేరే సంగతి పట్టింది. ఆ కంపెనీ కథ చెప్పేవాళ్లు ఎవరూ ఆయన ఒక్కడి పేరే చెప్పి ఆపరు. ఎవరు ఏం చేశారో విడివిడిగా చెప్తారు. భార్యాభర్తలు కలిసి చేసే పనిలో అది సాధ్యమే. వ్యాపారం పెద్దది కాబట్టి సాధ్యమైందా, ఆవిడ లెక్కలు చూసుకునే మనిషి కాబట్టి సాధ్యమైందా అన్నది నేను తేల్చుకోలేకపోయాను. మా అత్తమ్మకి చదవడం రాదు.

నా కార్డు

ఇప్పుడు ఆ స్కార్ఫ్ సంగతి. ప్రదర్శనలో ప్రతి బట్ట పక్కనా చిన్న కార్డు. బట్ట పేరు, నూలు, నేత రకం, నేసినవారు. నేసినవారు అన్నచోట నా పేరు నేనే టైపు చేసి పంపాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు "మొదటి పోగు నుంచి చివరి ముడి దాకా నా చేత్తోనే" అని కూడా రాసుకున్నాను, ఇరవై నిమిషాలు ఆయన ఒళ్లు వెనక్కి వాల్చి పట్టిన పడుగు గురించి.

మొదటిరోజే ఆయన ఆ కార్డు చదివాడు. నేను పక్కనే ఉన్నాను. కళ్లజోడు పైకెత్తి చదివి, స్కార్ఫ్ అంచు వేళ్ల మధ్య పెట్టి జరిపి చూసి, "అంచు మంచిగొచ్చింది" అన్నాడు. అంచు మంచిగా వచ్చింది ఆయన పట్టిన బిగువు వల్ల. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అత్తమ్మ పేరు చీర మీద లేదని ఇన్ని పేజీలు రాస్తున్నదాన్ని, నా కార్డు నేను మార్చలేదు. ఇంత చిన్న స్కార్ఫ్‌కి ఇద్దరి పేర్లేమిటి, నవ్వుతారు అనుకున్నాను. మామయ్య కూడా అలాగే అనుకుని ఉంటాడా? బహుశా అనుకునేంత దాకా కూడా వచ్చి ఉండడు.

తిరుగు ప్రయాణంలో జెల్లికో దాటేసరికి చీకటి పడింది. రాత్రి ఎనిమిదిన్నర, అంటే అక్కడ పొద్దున ఆరు. అత్తమ్మ లేచి ఉంటుందని ఫోన్ చేశాం. కారు స్పీకర్‌లో గొంతు గట్టిగా వచ్చింది.

"ఏడున్నరు? తిన్నరా?"

నేత మీటింగుకి పోయొస్తున్నాం అని చెప్పాను. నవ్వింది. అమెరికాలో మగ్గాల మీటింగు అంటే ఆవిడకి వింతే. నేను ఊరుకోకుండా, "అత్తమ్మా, ఎవరైనా లెక్క రాయడానికొచ్చి అడిగితే మీరు నేతపని చేసేవారని చెప్తారా?" అన్నాను.

"నేనేడ నేసిన బిడ్డా? మీ మామ నేసిండు. నేను ఊకె ఆసు పోసుడు, కండెలు సుట్టుడు."

మా ఆయన నా వైపు చూడకుండా రోడ్డు వైపే చూస్తూ నవ్వాడు. నా వాదమంతా ఒక్క "ఊకె"తో పోయింది. పోగొట్టుకోవడం ఇష్టంలేక ఒహాయో పెద్దాయన కథ మొత్తం చెప్పాను. డ్రిల్లు, చెప్పుల డబ్బా, ఆవిడ ఒక్క కండె కూడా చుట్టకపోవడం, అన్నీ. శ్రద్ధగా విన్నది.

"గట్లనా? ఆమె మగ్గం మీద కూసుంటది, ఆయన కండెలు సుడ్తడు?"

"అవును అత్తమ్మా."

"మరి వంట ఎవరు జేస్తరు?"

అది మాత్రం నేను అడగలేదు.